శాసనకర్తల జీతభత్యములు, పదవీకాలము, విశేషాధికారములు

2025వ సంవత్సరము మార్చి 24వ తేదీన భారత ప్రభుత్వము ఒక ప్రకటనను వెలువరించెను. దాని ప్రకారము పార్లమెంటు సభ్యుని నెలజీతము లక్ష రూపాయల నుండి 1,24,000 రూపాయలకు పెరిగినది. దినభత్యము 2,000 నుండి 2,500 రూపాయలకును, మాజీ సభ్యుల పింఛను నెలకు 25,000 నుండి 31,000 రూపాయలకును పెరిగినవి. ఈ పెంపు 2023 ఏప్రిలు 1వ తేదీ నుండియే వర్తించునని కూడ అందు గలదు. ఇట్టి వార్త వచ్చినప్పుడెల్ల గద్వాల బస్టాండులోనైనను, వనపర్తి అంగడిలోనైనను, నాగర్‌కర్నూలు రచ్చకట్ట వద్దనైనను ఒక్కటే మాట వినవచ్చుచుండును: "వారి జీతమును వారే పెంచుకొనిరి." మఱికొందరు ఇంకొక అడుగు ముందునకు వేసి, "ప్రజాసేవకు జీతమెందులకు? దానిని తీసివేయవలెను" అందురు. మొదటి మాటయందు సత్యము కలదు. రెండవ మాటయందు అపాయము కలదు. ఆ సత్యమెట్టిదో, ఆ అపాయమెట్టిదో మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తేటగా తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ విషయము మనకు దూరమైనది కాదు. గద్వాల, ఆలంపురము, వనపర్తి, కొల్లాపురము, నాగర్‌కర్నూలు, అచ్చంపేట, కల్వకుర్తి అను ఏడు శాసనసభా నియోజకవర్గములు కలిసి నాగర్‌కర్నూలు లోక్‌సభ నియోజకవర్గమైనవి. 2024వ సంవత్సరపు ఎన్నికలలో ఇందలి ఓటర్ల సంఖ్య 17 లక్షలకు మించెను. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ మొదలు నల్లమల అడవుల వరకు గల ఇంతమంది ప్రజల పక్షమున ఢిల్లీలో నిలిచి మాటలాడువాడు ఒక్కడే సభ్యుడు. అతనికి మనము ఏమి ఇచ్చుచున్నామో, ఎంతకాలమునకు ఇచ్చుచున్నామో, ఏ హక్కులతో పంపుచున్నామో ఎఱుగవలసిన బాధ్యత మన యందఱిది.

పూర్వకాలమున ఈ ప్రాంతమున ఇట్టి ప్రశ్నకే తావు లేకుండెను. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానములు నిజాము ప్రభువునకు లోబడి యుండెడివి. సంస్థానపు ఆదాయమెంత, ప్రభువు సొంతమునకు వ్యయమెంత అని అడుగు హక్కు రైతునకు లేదు. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసిన పిదప, 1952లో వయోజనులందఱికి ఓటుహక్కుతో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినవి. ఆ ఎన్నికలలో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైనవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. ఆయన నడిగడ్డలోని ఇటికాలపాడున జనించి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, ఆంధ్రుల సాంఘిక చరిత్రను రచించిన మహనీయుడు. తరువాతి కాలమున వనపర్తి సంస్థానాధీశుల వంశమునకు చెందిన రాజా రామేశ్వరరావుగారే మహబూబ్‌నగరు నుండి లోక్‌సభకు పలుమాఱులు ఎన్నికైరి. పూర్వము ప్రజలు ప్రభువు వాకిట నిలిచెడివారు. ఇప్పుడు ప్రభువంశీయుడును ఓటుకొఱకు ప్రజల వాకిటికి రావలసినవాడయ్యెను. ఈ మార్పుతోనే "మన ప్రతినిధికి మనమేమి ఈయవలెను?" అను ప్రశ్న మన చేతికి వచ్చినది.

జీతము లేనిచో ఏమగును?

ఇంగ్లండు దేశమున పార్లమెంటు సభ్యులకు చిరకాలము జీతము లేకుండెను. ఆ దినములలో సభయందు కూర్చుండినవారు ప్రాయికముగా భూస్వాములు, ధనికులు, పెద్ద వర్తకులు. పగలంతయు గనిలోనో మిల్లులోనో పాటుపడి సాయంకాలము కూలి తెచ్చుకొనువాడు, ఆ పని మానుకొని లండను నగరమున కూర్చుండినచో ఇంటిలో పొయ్యి రాజుటెట్లు? అందుచేత 1838లో చార్టిస్టులను పేర బయలుదేరిన శ్రామికోద్యమకారులు ప్రకటించిన ఆఱు కోరికలలో సభ్యులకు జీతమీయవలెననుట యొకటి. ఆ కోరిక నెరవేరుటకు డెబ్బదిమూడు సంవత్సరములు పట్టినది. 1911లో సభ్యునకు సంవత్సరమునకు 400 పౌనుల జీతము ఏర్పడెను. శాసనకర్తలకు జీతముండవలెనని మొదట పట్టుబట్టినవారు ధనికులు కారు, బీదలు. ఈ సంగతిని మనము మఱువరాదు.

పరిశుద్ధ గ్రంథములోని నెహెమ్యా వృత్తాంతము మా విద్యార్థులెఱిగినదే. యూదా దేశమునకు అధికారిగా నుండిన పండ్రెండు సంవత్సరములును ఆయన ప్రజల భారమును చూచి, అధికారికి రావలసిన భత్యమును పుచ్చుకొనలేదు. ఆయనకు పూర్వమున్న అధికారులో, ఆహారమును ద్రాక్షారసమును గాక నలువది తులముల వెండిని కూడ ప్రజల నుండి తీసికొనుచుండిరి. నెహెమ్యా చేసినది గొప్ప త్యాగము. అయితే ఆయన పారసీక రాజునకు పానదాయకుడుగా నుండి వచ్చినవాడు; తన భోజనపు బల్లయొద్ద నూటయేబదిమందికి అన్నము పెట్టగలిగినవాడు. త్యాగము చేయుటకు ఆయనకు కలిమి యుండెను. ఒకని త్యాగమును మనము కొనియాడవచ్చును గాని, దానిని అందఱికి చట్టముగా విధింపరాదు. విధించితిమేని కలిమిగలవారికి మాత్రమే సభాద్వారము తెఱచియుండును.

మన దేశమునను ఇట్టి త్యాగములు లేకపోలేదు. ఉన్నతోద్యోగుల జీతము నెలకు 500 రూపాయలకు మించరాదని 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానించెను. 1937లో ఏర్పడిన కాంగ్రెసు మంత్రివర్గములవారు ఆ మేరకే జీతము తీసికొనిరి. పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటు సభ్యులుగా నుండి సభకు సైకిలుమీద పోవుచుండిరన్న సంగతి తెలుగునాట అందఱికి తెలిసినదే. అయినను వీరిలో ఎవ్వరును జీతమే వలదని చెప్పలేదు. మితముగా నుండవలెనని చెప్పిరి.

నాగర్‌కర్నూలు లోక్‌సభ స్థానము షెడ్యూల్డు కులములవారికి కేటాయింపబడినది. పాలమూరు కూలీలు దేశమంతట తిరిగి ఆనకట్టలు కట్టినవారు, కాలువలు త్రవ్వినవారు. అట్టి కుటుంబమున పుట్టి మన పాఠశాలలో చదువుకొన్న బాలుడు గాని బాలిక గాని రేపు ఆ స్థానమున కూర్చుండవలెనన్నచో, నెలనెల వచ్చు జీతమే వారికి ఆధారము. జీతమును తీసివేసినచో వారు రెండు దారులలో ఏదో యొకటి పట్టవలసివచ్చును: పోటీ మానుకొనుట, లేదా ఒక ధనికుని చేతిక్రింద బ్రదుకుట. ఎవని అన్నము తినుచున్నారో వాని మాటయే సభలో పలుకుదురు. కావున జీతము తీసివేయుమనువారు, తెలిసియో తెలియకయో, బీదవాని బిడ్డకు తలుపు మూయుచున్నారు.

జీతము పెరిగిన విధము

రాజ్యాంగము 106వ అధికరణము ప్రకారము పార్లమెంటు సభ్యుల జీతభత్యములను పార్లమెంటే చట్టము ద్వారా నిర్ణయించును. ఆ చట్టము 1954లో వచ్చెను. నెలకు 400 రూపాయల జీతము, సభకు వచ్చిన దినమునకు 21 రూపాయల భత్యము అందు విధింపబడినవి. 1964లో జీతము 500 రూపాయలైనది. 1976లో మాజీ సభ్యులకు నెలకు 300 రూపాయల పింఛను ఏర్పడెను. 1985లో 1,000, 1998లో 4,000, 2001లో 12,000, 2006లో 16,000, 2010లో 50,000, 2018లో లక్ష రూపాయలుగా జీతము పెరుగుచు వచ్చినది. ధరలు పెరిగినకొలది జీతము పెరుగుట సహజమే. 1954 నాటి నాలుగు వందలు నేటి నాలుగు వందలు కావు. అయినను 1998 మొదలు 2018 వఱకు గల ఇరువది సంవత్సరములలో జీతము ఇరువదియైదు రెట్లయిన సంగతి గమనింపదగినది.

జీతముతో పాటు వేరు సౌకర్యములు కలవు. నియోజకవర్గములో తిరుగుటకు భత్యము, కార్యాలయమునకు భత్యము వేఱువేఱుగా నుండును. 2018లో ఇవి నెలకు 70,000, 60,000 రూపాయలుగా నిర్ణయింపబడినవి. ఢిల్లీలో నివాసము, సంవత్సరమునకు 34 విమాన ప్రయాణములు, రైలులో ఉచిత ప్రయాణము, ఇంటికి 50,000 యూనిట్ల విద్యుత్తు, 4,000 కిలోలీటర్ల నీరు అందు ముఖ్యమైనవి. జీతముపై సభ్యుడు ఆదాయపు పన్ను చెల్లించును. పార్లమెంటు భోజనశాలలో చిరకాలము సాగిన రాయితీ ధరలు 2021లో నిలిపివేయబడినవి. మహమ్మారి ప్రబలిన 2020లో సభ్యుల జీతమును ఒక సంవత్సరముపాటు నూటికి ముప్పది వంతున తగ్గించి చట్టము చేసిరి.

ఇచట ఒక అపోహను తొలగింపవలెను. ఎం.పీ. నిధులు అని మన ఊళ్లలో చెప్పుకొను 5 కోట్ల రూపాయలు సభ్యుని జీతము కాదు. అది 1993 డిసెంబరులో పి.వి. నరసింహారావుగారు ప్రధానమంత్రిగా నుండగా ప్రారంభింపబడిన పథకము. సభ్యుడు తన నియోజకవర్గములో ఏ పని జరుగవలెనో సిఫారసు చేయును. జిల్లా అధికారులు ఆ పనిని చేయింతురు. ఆ ధనము సభ్యుని చేతికి రాదు. ఊరిలో సామూహిక భవనమో, మంచినీటి ట్యాంకో కట్టబడినప్పుడు అది ఎవరి దానమును కాదు. పన్ను కట్టిన ప్రజల సొమ్మే తిరిగి వచ్చినదని తెలిసికొనవలెను.

తూనికత్రాసు ఎవరి చేత నున్నది?

ఇక అసలు లోపమును చూతము. మార్కెట్ యార్డునకు పల్లికాయ తెచ్చిన రైతు త్రాసును తన చేత పట్టుకొనడు, కొనువాడును పట్టుకొనరాదు. అందుకే యార్డులో తూచువాడు వేఱుగా నుండును. గద్వాల నేతకారుడు చీర నేసిన పిదప తన మజూరీ ఎంతయో తానే వ్రాసికొనలేడు. ప్రభుత్వోపాధ్యాయుని జీతమును వేతన సవరణ సంఘము పరిశీలించును. సర్వోన్నత న్యాయస్థానపు న్యాయాధిపతుల జీతమును కూడ వారు నిర్ణయించుకొనరు. పార్లమెంటు చట్టము ద్వారా నిర్ణయించును. గ్రామ సర్పంచి సంగతి చూడుడు. 2021లో తెలంగాణ ప్రభుత్వము సర్పంచి గౌరవవేతనమును నెలకు 5,000 నుండి 6,500 రూపాయలకు పెంచినది. ఆ పెంపును సర్పంచులు తమంతట తాము చేసికొనలేదు. చేసికొను అధికారమును వారికి లేదు. ప్రజలచేత ఎన్నుకొనబడినవాడే అయినను అతని త్రాసు ఇంకొకరి చేత నున్నది.

కూలికి, నేతకారునకు, ఉపాధ్యాయునకు, న్యాయాధిపతికి, సర్పంచికి లేని అధికారము శాసనకర్తకు మాత్రము కలదు. తన సేవకు వెలకట్టువాడును, ఆ వెలను పుచ్చుకొనువాడును ఒక్కడే. 2010లో పార్లమెంటరీ సంఘమొకటి సభ్యుల జీతము 80,001 రూపాయలుండవలెనని సిఫారసు చేసెను. కారణమేమనగా, ప్రభుత్వ కార్యదర్శి జీతము నాడు 80,000 రూపాయలు. ప్రజాప్రతినిధి అధికారికంటె ఒక రూపాయి యెక్కువ పొందవలెనట! తుదకు 50,000 రూపాయలు నిశ్చయమైనవి. మన రాష్ట్ర శాసనసభ కూడ 2016 మార్చిలో తన సభ్యుల మొత్తము జీతభత్యములను నెలకు రెండున్నర లక్షల రూపాయలకు పెంచుకొన్నది. అంకె పెద్దదా చిన్నదా అన్నది వేఱు ప్రశ్న. మంచి తూకమైనను తూచినవాడే పుచ్చుకొన్నచో చూచువానికి అనుమానము తప్పదు. ఆ అనుమానము ప్రజాప్రభుత్వమునకు చెదపురుగు వంటిది.

దీనికి వేఱొక పక్షము లేకపోలేదు. శాసనకర్తల జీతమును మంత్రివర్గము నిర్ణయించినచో, ప్రభుత్వమును ప్రశ్నింపవలసిన సభ్యుడు ప్రభుత్వము చేతి వైపు చూచువాడగును. అందుచేతనే రాజ్యాంగకర్తలు ఆ పనిని పార్లమెంటునకు అప్పగించిరి. వారి భయము న్యాయమైనదే. కావున త్రాసు మంత్రి చేతను ఉండరాదు, సభ్యుని చేతను ఉండరాదు. మూడవవాని చేత నుండవలెను.

పదవీకాలము

ఈ దోషము ధనమునకు మాత్రమే పరిమితము కాదు. కాలము విషయమునను ఒకసారి ఇట్లే జరిగినది. లోక్‌సభ కాలము అయిదు సంవత్సరములు. రాజ్యసభ రద్దగునది కాదు. అందు ప్రతి సభ్యుని కాలము ఆఱు సంవత్సరములు, రెండేండ్ల కొకసారి మూడవ వంతు సభ్యులు విరమింతురు. 1971లో ఎన్నికైన లోక్‌సభ 1976లో ముగియవలసి యుండెను. అప్పుడు అత్యవసర పరిస్థితి అమలులో నున్నందున, రాజ్యాంగమందలి వెసులుబాటును బట్టి సభ తన కాలమును ఒక సంవత్సరము చొప్పున రెండుమాఱులు తానే పొడిగించుకొనెను. అంతటితో తృప్తి నొందక, అదే సంవత్సరమున 42వ సవరణ ద్వారా సభాకాలమును అయిదు నుండి ఆఱు సంవత్సరములకు పెంచిరి. ప్రజలిచ్చిన గడువు తీరిన పిదప తాము సభలో కూర్చుండుట ధర్మము కాదని మధు లిమయే, శరద్ యాదవ్ అను ఇద్దరు సభ్యులు తమ స్థానములకు రాజీనామా చేసిరి. 1977లో ఎన్నికలు జరిగి ప్రభుత్వము మారెను. 1978 నాటి 44వ సవరణ మరల అయిదు సంవత్సరములనే స్థిరపఱచెను. లోకసభ, రాష్ట్ర శాసనసభల ఎన్నికలు ఒకేసారి జరుపుటకై 2024 డిసెంబరులో ప్రవేశపెట్టబడిన సవరణ బిల్లు కూడ సభాకాలమునకు సంబంధించినదే; అది సంయుక్త సంఘమునకు పంపబడినది. ఇట్టి ప్రతి మార్పును చూచునప్పుడు పౌరుడు అడుగవలసిన ప్రశ్న యొక్కటే: గడువును కొలుచువాడు ప్రజలా, సభ్యుడా?

ఒకే మనుష్యుడు ఎన్నిమాఱులైనను ఎన్నిక కావచ్చునా అని కొందఱు అడుగుదురు. అమెరికా అధ్యక్షుడు రెండుమాఱులకంటె ఎక్కువ ఎన్నిక కారాదని 1951లో ఆ దేశపు రాజ్యాంగమునకు సవరణ వచ్చెను. శాసనకర్తలకు మాత్రము అచట ఆ హద్దు లేదు. మన దేశమునను లేదు. గుంటూరు మండలమునకు చెందిన ఆచార్య ఎన్.జి. రంగాగారు 1930లో కేంద్ర శాసనసభలో ప్రవేశించి, 1991 వఱకు, నడుమ కొంత విరామముతో, శాసనకర్తగా నుండిరి. రైతుల పక్షమున అంతకాలము పలికిన గొంతును హద్దు పేర ఆపివేసినచో నష్టము రైతులకే కదా! మా అభిప్రాయము ప్రకారము ఎన్నిమాఱులని హద్దు పెట్టుటకంటె, ప్రతి అయిదేండ్లకు ప్రజల యెదుట నిలిచి లెక్క చెప్పించుట మేలు.

విశేషాధికారములు

సభలో పలికిన మాటకు గాని, వేసిన ఓటునకు గాని సభ్యునిపై ఏ న్యాయస్థానమునను వ్యాజ్యము వేయరాదని 105వ అధికరణము చెప్పుచున్నది. రాష్ట్ర శాసనకర్తలకు 194వ అధికరణము ఇట్టిదే. సభ జరుగుచున్న కాలమునను, దానికి ముందు నలువది దినములు, పిమ్మట నలువది దినములును సివిలు వ్యవహారములలో సభ్యుని నిర్బంధింపరాదు. క్రిమినలు నేరములకు మాత్రము ఈ రక్షణ వర్తింపదు.

ఈ హక్కు సభ్యుని గొప్పతనమునకై ఇచ్చినది కాదు. అతనిని పంపినవారి మేలునకై ఇచ్చినది. కల్వకుర్తి నుండి 1969లో శాసనసభకు ఎన్నికై, తరువాత పార్లమెంటున ప్రసిద్ధి గాంచిన ఎస్. జైపాల్‌రెడ్డిగారు 1998లో ఉత్తమ పార్లమెంటు సభ్యులుగా గౌరవింపబడిరి. బలవంతులను నిర్భయముగా ప్రశ్నించు అట్టివారికి అండగా నిలుచుటయే ఈ హక్కు యొక్క ప్రయోజనము.

అయితే కవచమును దొంగసొమ్ము దాచు సంచిగా వాడినచో ఏమి చేయవలెను? 1993 జూలైలో పి.వి. నరసింహారావుగారి ప్రభుత్వముపై వచ్చిన అవిశ్వాస తీర్మానము స్వల్పమైన ఆధిక్యముతో వీగిపోయెను. ప్రభుత్వమునకు అనుకూలముగా ఓటు వేయుటకు కొందఱు సభ్యులు లంచము పుచ్చుకొనిరని అభియోగము వచ్చినది. 1998లో సర్వోన్నత న్యాయస్థానము ముగ్గురు ఇద్దరు న్యాయాధిపతుల భేదాభిప్రాయముతో, లంచము పుచ్చుకొని ఓటు వేసిన సభ్యునకు 105వ అధికరణము రక్షణ కలదని తీర్పు చెప్పెను. లంచము ఇచ్చినారన్న అభియోగము నుండి నరసింహారావుగారు 2002లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము చేత నిర్దోషులుగా విడుదల నొందిరి. కాని 1998 నాటి తీర్పు ఇరువదియాఱు సంవత్సరములు నిలిచియే యుండెను. 2024 మార్చి 4వ తేదీన ఏడుగురు న్యాయాధిపతుల ధర్మాసనము ఏకకంఠముగా దానిని త్రోసిపుచ్చి, లంచమునకు విశేషాధికారము అండ కాదని తేల్చిచెప్పినది.

ఈ హక్కులెన్నియో, వాని హద్దులెట్టివో వివరించు చట్టమును పార్లమెంటు ఇంతవఱకు చేయలేదు. తన హక్కునకు భంగము కలిగినదో లేదో సభయే నిర్ణయించును, శిక్షయు సభయే వేయును. 1983లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో జరిగిన గందరగోళమును గూర్చి ఈనాడు పత్రిక ప్రచురించిన వార్త తన గౌరవమునకు భంగమని మండలి తలంచెను. 1984లో ఆ పత్రికా సంపాదకులు రామోజీరావుగారిని నిర్బంధించి సభయెదుటకు తేవలసినదని ఆజ్ఞాపించెను. సర్వోన్నత న్యాయస్థానము ఆ నిర్బంధమును ఆపివేసినది. ఫిర్యాదియు, న్యాయాధిపతియు ఒక్కడే అయినచో న్యాయము జరిగినదని ఎవరు నమ్ముదురు? జీతములో కనబడిన లోపమే ఇచటను మరల కనబడుచున్నది.

సంస్కరణమునకు మార్గములు

మొదటిది, స్వతంత్ర సంఘము. 2009లో ఇంగ్లండు పార్లమెంటు సభ్యులు ఇంటి ఖర్చుల పేర తీసికొన్న మొత్తముల వివరములు పత్రికలకెక్కెను. భవనము చుట్టునున్న కందకమును బాగుచేయించుకొన్న ఖర్చు సహితము లెక్కలలో చేరినదని తెలిసి ప్రజలు మండిపడిరి. కామన్సు సభాపతి పదవి విడిచెను. తప్పుడు లెక్కలు వ్రాసిన కొందఱు సభ్యులు కారాగారమునకు పోయిరి. అదే సంవత్సరమున సభ్యుల ఖర్చులను పరిశీలించుటకు స్వతంత్ర సంస్థ ఏర్పడెను. తరువాత జీతనిర్ణయమును కూడ దానికే అప్పగించిరి. మన దేశమునను 2015 సెప్టెంబరులో విశాఖపట్టణమున జరిగిన అఖిల భారత విప్పుల సమావేశము సందర్భమున, ముగ్గురు సభ్యుల స్వతంత్ర వేతన సంఘము కావలెనన్న ప్రతిపాదన వచ్చెను. ఆ సంఘము ఏర్పడలేదు. దానికి బదులు 2018లో ధరల సూచికను బట్టి అయిదేండ్ల కొకసారి జీతము తనంతట తాను పెరుగు ఏర్పాటు జరిగినది. ఇది పూర్వపు పద్ధతికంటె మేలే. ఇష్టము వచ్చినంత పెంచుకొను వీలు తగ్గినది. అయినను వివిధ భత్యములను గూర్చిన నియమములను చేయునది నేటికిని ఉభయసభల సభ్యులతో కూడిన సంయుక్త సంఘమే.

రెండవది, నేడు చేసిన పెంపు రేపటి సభకు వర్తించుట. అమెరికాలో 1789లోనే ఇట్టి సవరణ ప్రతిపాదింపబడినది: శాసనకర్తల జీతమును మార్చు చట్టము, నడుమ ఒక ఎన్నిక జరుగనిదే అమలు కారాదు. చాలినన్ని రాష్ట్రములు అంగీకరింపనందున అది మూలబడియుండెను. 1982లో టెక్సాసు విశ్వవిద్యాలయమున చదువుచున్న గ్రెగరీ వాట్సన్ అను విద్యార్థి, ఈ సవరణ ఇంకను సజీవమేనని తరగతికొఱకు వ్యాసము వ్రాసెను. అతనికి సామాన్యమైన "సి" శ్రేణి మాత్రమే లభించెను. అతడు నిరుత్సాహపడక రాష్ట్ర శాసనసభలకు ఉత్తరములు వ్రాయుచు పోయెను. 1992లో, అనగా ప్రతిపాదించిన రెండు వందల రెండేండ్లకు పైగా గడచిన పిదప, అది 27వ సవరణయై రాజ్యాంగమున చేరినది. 2017లో విశ్వవిద్యాలయము అతని శ్రేణిని సరిదిద్ది "ఏ" శ్రేణి నిచ్చెను. విద్యార్థులారా, తరగతిలో వ్రాసిన వ్యాసము దేశపు రాజ్యాంగమును మార్చిన వృత్తాంతమిది. మన పార్లమెంటు సభ్యులకు 2025లో ప్రకటించిన పెంపు రెండేండ్ల వెనుకటి నుండి వర్తించినది. అమెరికా నియమము ప్రకారము అట్లు జరుగుటకు వీలులేదు.

మూడవది, పింఛను. మొదట అయిదేండ్లు పనిచేసిన సభ్యునకే పింఛను లభించెడిది. తరువాత ఆ హద్దును తీసివేసిరి. అయిదేండ్లకు మించిన ప్రతి సంవత్సరమునకు అదనపు పింఛను కూడ కలదు. 2018లో సర్వోన్నత న్యాయస్థానము ఈ పింఛను రాజ్యాంగవిరుద్ధము కాదని తీర్పు చెప్పినది. చట్టసమ్మతమైనదే అయినను ప్రజల మనస్సు ఎందులకు నొచ్చుచున్నది? కేంద్ర ప్రభుత్వమున 2004 జనవరి 1 నుండియు, మన రాష్ట్రమున ఆ యేడే సెప్టెంబరు 1 నుండియు క్రొత్తగా చేరిన ఉద్యోగులకు పాత పింఛను పద్ధతి నిలిపివేయబడినది. ముప్పదియేండ్లు బోధించు ఉపాధ్యాయునకు లేని నిశ్చింత, కొలది కాలము సభలో కూర్చుండినవానికి కలిగినప్పుడు పోల్చిచూచుకొనుట మానవ స్వభావము. పంజాబు రాష్ట్రమున ఎన్నిమాఱులు గెలిచిన అన్ని పింఛనులు వచ్చుచుండెడివి. 2022లో చట్టము చేసి ఒక సభ్యునకు ఒకే పింఛను అని నిర్ణయించిరి. ఈ మార్గము ఇతరులకును అనుసరణీయము.

నాల్గవది, పనికి తగిన ప్రతిఫలము. సంతకము చేసిన దినమునకే దినభత్యము లభించునని చట్టము చెప్పుచున్నది. అనుమతి లేక అఱువది దినములు సభకు రానివాని స్థానము ఖాళీ అయినట్లు సభ ప్రకటింపవచ్చునని 101వ అధికరణము చెప్పుచున్నది. కాని సంతకము వేఱు, పని వేఱు. అల్లరితో వాయిదాపడిన దినమున భత్యము ఉండవలెనా అన్నది ఆలోచింపదగినది. అయిదవది, విశేషాధికారములను చట్టరూపమున వ్రాసి, వాని హద్దులను అందఱికి తెలియజేయుట.

మన కర్తవ్యము

ఇవన్నియు ఢిల్లీలో జరుగవలసిన పనులే అయినను వాని బీజము ఇచ్చటనే కలదు. 1988 నాటి 61వ సవరణ ద్వారా పదునెనిమిదేండ్లు నిండినవారికి ఓటుహక్కు లభించినది. మా పై తరగతుల విద్యార్థులు కొలది సంవత్సరములలో ఓటర్లగుదురు. అభ్యర్థులు తమ ఆస్తులను, అప్పులను, తమపై గల కేసులను ప్రమాణపత్రములో తెలుపవలెనన్న నియమము 2002 నాటి సర్వోన్నత న్యాయస్థానపు తీర్పు వలన ఏర్పడినది. ఆ పత్రములను ఎవరైనను చదువవచ్చును. చదువురాని తలిదండ్రులకు చదివి వినిపించుట చదువుకొన్న బిడ్డల పని. ఓటు అడుగవచ్చినవానిని, "అయ్యా, మీ జీతమును మీరు కాక వేఱొకరు నిర్ణయించుటకు సమ్మతింతురా? నేటి పెంపు రేపటి సభకే వర్తింపవలెనన్న నియమమునకు ఓటు వేయుదురా?" అని మర్యాదగా అడుగుట తప్పు కాదు. ఓటుకొఱకు ఒక నోటు పుచ్చుకొన్నవాడు మాత్రము ఆ ప్రశ్న నడుగుటకు నోరు పోగొట్టుకొనును. తన త్రాసును ముందుగా అమ్ముకొన్నవాడు ఇతరుల తూకమును తప్పుపట్టజాలడు.

జీతము తీసివేయుట సంస్కరణము కాదు; జీతమును నిర్ణయించు చేతిని మార్చుట సంస్కరణము. బీదవాని బిడ్డయు నిశ్చింతగా సేవచేయుటకు చాలినంత జీతముండవలెను. అది ఎంతయో వేఱొకరు తూచవలెను, బహిరంగముగా తూచవలెను, తరువాతి ఎన్నిక పిదపనే అమలు కావలెను. అట్లైనచో కూలివాని కుమార్తె లోక్‌సభలో లేచి మాటలాడునాడు, ఆమె పుచ్చుకొను జీతమును గూర్చి గద్వాలలో గాని, వనపర్తిలో గాని, నాగర్‌కర్నూలులో గాని ఎవ్వరును చాటుగా గొణుగుకొనరు. ఆమె పలుకు మాటనే విందురు.